కాపలాదారుడు లేకుండా నడపరాదు

ఆ రోజు గేటు దగ్గర మామ లేడు. ఆయన కూసునే స్టూలు గూడ లేదు. సిరిసిల్లలో ఒక పెళ్లి ఫ్లెక్సీ ఇచ్చి, మా అమ్మ చేసి పంపిన సర్వపిండి మామకు ఇచ్చిపోదామని ఆ సైజింగ్ మిల్లు కాడికి పోయిన. మామ అంటే మా అమ్మ తమ్ముడు. రుద్రంగిలో ఏండ్లకేండ్లు తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. ఒకపారి మోకు జారి కిందపడితే తుంటి విరిగింది. అతికింది గని ఒక కాలు పొట్టిగైంది. చెట్టెక్కుడు బందయినంక ఈ మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ కొలువు దొరికింది. ఆ కొలువంటే ఆయనకు మస్తు పావురం, మస్తు ఇష్టం. యూనిఫాం ఎవరూ ఇయ్యకున్నా రోజూ ఇస్త్రీ అంగీ తొడుక్కొని, భుజం మీద తువ్వాల ఏసుకొని పోతడు.

గేటు బార్లా తెరిచి ఉంది. అడిగేటోడు లేడు. సీదా లోపలికి పోయిన.

లోపల ఒకటే మోత. సైజింగ్ అంటే నూలుకు గంజి పెట్టుడు. వేల పోగులు ఒక్క తీరుగ గంజిలో మునిగి, రోలర్ల నడుమ పిండుకొని, కాలుతున్న పెద్ద డ్రమ్ముల మీదంగ పోయి ఆరి, అవతల బీముకు చుట్టుకుంటయి. ఆ బీములే ఊర్లోని సాంచాల మీదికి, అంటే మరమగ్గాల మీదికి పోతయి. గంజి వాసన, ఆవిరి, ఉడుకు. ఆ మిషిని పక్కన, మోటరు పట్టా గిర్రున తిరుగుతున్న కాడ, స్టూలు ఏసుకొని మా మామ నిటారుగ కూసున్నడు.

"మామా, గేటిడిసిపెట్టి గీడ కూసున్నవేంది?" అని చెవుల అరిచిన.

మామ నవ్వి, వేలు పైకి చూపిండు. గోడకు పసుపు రంగు బోర్డు. పైన ఇంగ్లీషులో గార్డ్ లేకుండా మిషిని నడపొద్దని ఉంది. గార్డ్ అంటే తిరిగే పట్టా మీద మూతలెక్క ఏసే ఇనుప జాలీ. కింద తెలుగులో నల్లటి పెద్ద అక్షరాలతో, "కాపలాదారుడు లేకుండా యంత్రమును నడపరాదు" అని ఉంది.

"సదివినవా? కాపలాదారుడు అంటే నేనే గద బిడ్డా," అన్నడు మామ.

ముందైతే నాకు నవ్వొచ్చింది. అక్షరాలు నా బతుకుదెరువు. కోరుట్లలో నాదీ మా ఆయనదీ ఫ్లెక్సీల షాపు. ప్రింటు మిషిని ఆయన చూసుకుంటడు, తెలుగు టైపు చేసుడు, తప్పులు దిద్దుడు నా పని. పెళ్లి పత్రికల మీద, ఆటోల ఎనుక, ఏటీఎంలల్ల, తప్పు తెలుగు చూసి చూసి నవ్వుకునుడు నాకు అలవాటే. కని ఆ పట్టా మీద జాలీ లేదు. అది గంజి బస్తాల ఎనుక గోడకు ఆనిచ్చి ఉంది. రిపేరుకు తీసిన్రట, మళ్ల పెట్టలేదట. మామ మోకాలికీ ఆ పట్టాకూ నడుమ మూరెడు జాగ లేదు. నవ్వు ఆగిపోయింది.

"ఎవలు కూసోబెట్టిన్రు నిన్ను?"

"సూపర్‌వైజరే. హైదరాబాదు నుంచి బట్ట ఆర్డరిచ్చే పెద్దసార్లు చూడనీకి అస్తున్నరంటే, అన్ని బోర్డులు సదువుకుంట అచ్చిండు. దీని కాడికి రాంగనే, తాతా, నువ్వు రేపు గీడ కూసోవాలె అన్నడు. కూసున్న. సార్లు తలుపు కాడనే నిలబడి ఫోటోలు దీసుకొని పోయిన్రు, ఉడుక్కు లోపలికి రాలే. నన్ను ఇగ లెవ్వమనలే."

"లెవ్వమనకుంటే లెవ్వవా?"

"బోర్డు ఉంది గద," అన్నడు. ఆ మాటలో ఎకసెక్కం లేదు. ఇన్నేండ్లకు తన కొలువు గోడ మీద అచ్చయిందని ఆయనకు లోపల సంబురంగనే ఉండె. అది చూస్తే నాకు ఇంకింత మండింది.

సూపర్‌వైజరు మంచిగ మాట్లాడే పిల్లగాడే. ముప్పై ఏండ్లుంటయేమో. గంజి కలిపే తొట్టి కాడ పట్టుకొని అడిగిన. "తమ్మీ, గార్డ్ అంటే జాలీ. వాచ్‌మన్ కాదు. ఎవలో ఇంగ్లీషును ఫోన్ల ఏసి తెలుగు తీసిన్రు. గా ముసలాయన్ను పట్టా పక్కన కూసోబెట్టి, జాలీనేమో బస్తాల ఎనుక పెట్టిన్రు. నీకు సమజైతలేదా?"

"నాకు ఎర్కే అక్కా," అన్నడు తాపీగా. "ఇంగ్లీషుల గదే ఉంది గద. కని తెలుగుల గిట్లుంది. రేపు ఎవలన్న తెలుగు సదివేటోడు అచ్చి, కాపలాదారుడు ఏడి అంటే నేనేం జెప్పాలె? తాత ఉంటె ఏం నష్టం? ఇగ తాత కూసున్నకాంచి ఎవ్వడూ ఫోను ముడుతలేడు. పని మంచిగ నడుస్తంది."

"మరి జాలీ?"

"పెడ్తం. అది పెడితే నూలు దుమ్ము తీయనీకి దినాం ఇప్పాలె. ఇప్పినప్పుడల్లా మిషిని ఆపాలె. సేటు ఒప్పుకుంటలేడు."

"బోర్డన్న మార్చున్రి."

"బోర్డులు జగిత్యాల ఏజెంటు కాడికెళ్లి సెట్టుకు సెట్టు అచ్చినయి. ఆయన్ను అడుగున్రి."

మిగతా బోర్డులు గూడ తిరిగి చదివిన. రోలర్ల కాడ చేతులు దూరంగ పెట్టాలని ఇంగ్లీషు, "చేతులను స్పష్టంగా ఉంచండి" అని తెలుగు. కరెంటు డబ్బా మీద ఇంగ్లీషులో లైవ్ వైర్, తెలుగులో "సజీవ తీగ". సజీవ తీగ అంటే ఏందో నన్నెవలన్న అడిగితే, బీరపాదు అని చెప్తునేమో. డ్రమ్ముల కాడ పనిచేసే ఇద్దరు బీహారోళ్లను, ఇందులో ఏం రాసుందని హిందీలో అడిగిన. వాళ్లకు తెలుగు రాదు, ఇంగ్లీషు రాదు. "కుఛ్ ఖతరా లిఖా హై" అన్నరు. ఏదో ప్రమాదమని రాసుందట. ఏ ప్రమాదమో, ఎక్కడో తెల్వదు. పసుపు రంగు చూసి గంతమట్టుకు సమజ్ చేసుకున్నరు.

మామకు సర్వపిండి ఇచ్చి, "స్టూలు జర దూరం జరుపుకో" అని చెప్పి బస్సెక్కిన. వేములవాడ దాటిందాక నాలో నేనే గులుగుకుంట కూసున్న. అది రాసినోడు ఒక్కపారన్న ఎవలనన్న అడిగితే ఏం పోయేది? సిరిసిల్లలో తెలుగు వచ్చినోళ్లు కరువైన్రా?

ఇంటికొచ్చి జగిత్యాల ఏజెంటుకు ఫోన్ చేసిన. మిల్లులకు హెల్మెట్లు, బూట్లు, గ్లౌజులు, ఈ బోర్డులు అన్నీ ఆయనే సప్లై చేస్తడు. మొదటిపారి "చూస్తం మేడం" అన్నడు. రెండోపారి మీటింగుల ఉన్న అన్నడు. తర్వాత ఎత్తుడే బంద్ చేసిండు. మా ఆయనకు చెప్తే, "నీకెందుకే గీ పంచాది? మామను గేటు కాడ కూసోమను, అయిపాయె" అన్నడు. అది గూడ అయ్యింది. మామకు ఫోన్ చేసి చెప్పిన. "సూపర్‌వైజర్ జెప్పాలె గద బిడ్డా" అన్నడు. ఎటు తిరిగినా ఆ బోర్డు కాడికే వచ్చి ఆగుతుండె.

ఇగ ఒకనాడు నేనే జగిత్యాల పోయిన. ఏజెంటు దుకాణం కొత్తగనే ఉంది, ఏసీ గూడ ఉంది. గోడ నిండ బోర్డులు. నన్ను కూసోమన్నడు, చాయ్ తెప్పిచ్చిండు. మర్యాదకు ఏం తక్కువ చేయలేదు. నేను ఫోన్లో తీసిన ఫోటోలు చూపించిన. కాపలాదారుడి బోర్డు చూసి తనే పక్కున నవ్విండు.

"నిజమే మేడం. మిస్టేక్ అయ్యింది."

హమ్మయ్య అనుకున్న. "అయితే మార్చున్రి. ఖర్చు పెట్టుకోవద్దు, నేనే ప్రింటు చేసిస్త."

"మార్చరాదు మేడం. ఆ సెట్టు ఫోటోలు అన్నీ ఆర్డరిచ్చే కంపెనోళ్ల ఆన్‌లైన్ల ఎక్కినయి. గోడ మీద ఉన్న బోర్డు, ఫోటోల ఉన్న బోర్డు ఒక్క తీరు ఉండాలె. లేకుంటే మిల్లు సేటుకే తిప్పలు."

"ఫోటోల గూడ తప్పే ఉంది గద."

"తప్పున్నా పాసయ్యింది."

బ్యాగులోంచి నేను టైపు చేసుకొచ్చిన కాగితం తీసిన. జాలీ లేకుండా మిషిని నడపొద్దు. కింద హిందీలో అదే మాట. పక్కన పట్టా మీద జాలీ బొమ్మ.

ఆయన చదివి మొహం ముడుచుకున్నడు. "జాలీ అంటే హిందీ మాట మేడం. మిషిని అంటే ఇంగ్లీషు. బోర్డు మీద శుద్ధ తెలుగు ఉండాలె. మనం ఇంట్ల మాట్లాడినట్టు రాస్తే, వీళ్లకు సదువు లేదు అనుకుంటరు పెద్దసార్లు."

"జాలీని ఆ మిల్లుల జాలీ అనే అంటరు సార్. బీహారోళ్లు గూడ జాలీ అనే అంటరు. ఒక్క మాట ఇద్దరికి సమజైతది. గంతకన్న మంచి మాట యాడ దొరుకుతది?"

"మీరు చెప్పేది కరెక్టే. కని నియమం రెండు భాషలు. ఇంగ్లీషు, తెలుగు. హిందీ పెడితే మూడైతయి. జాగ సరిపోదు."

ఇంగ్లీషు తీసెయ్యున్రి, మిల్లుల ఇంగ్లీషు చదివేటోళ్లే లేరు అన్న. ఆయన నా దిక్కు జాలిగ చూసిండు. ఇంగ్లీషు తీసేస్తే చూడనీకి వచ్చేటోళ్లు ఏం చదువుతరని అడిగిండు. అప్పుడు నాకు సమజైంది, ఆ బోర్డులు మిషిని కాడ నిలబడెటోళ్ల కోసం కానే కాదు. తలుపు కాడ నిలబడి ఫోటో తీసుకునేటోళ్ల కోసం.

చాయ్ తాగకుండనే లేచి వచ్చిన. కొత్త బస్టాండు కాడ కోరుట్ల బస్సు కోసం నిలబడి, ఏడుపు వస్తుంటే చున్నీ అడ్డం పెట్టుకున్న. అంత పెద్ద ముచ్చట ఏం కాదు, ఒక బోర్డు. ఒక తప్పు మాట. తప్పని చెప్తే కాదనేటోడు ఒక్కడు లేడు. అందరూ ఒప్పుకుంటరు. ఒప్పుకొని, గట్లనే ఉంచుతరు. కాదని కొట్లాడేటోడైతే నేనూ కొట్లాడుదును.

ఎవలు పెట్టినా పెట్టకున్నా నా చేతిలోని పని నేను చేస్తా అనుకున్న. మిల్లుకు సరిపోయే బోర్డులు తయారుచేసిన. అక్షరాలు పెద్దగ, బొమ్మలు ఇంకా పెద్దగ. హిందీలో తప్పులు పోతయేమోనని, మా షాపు ముంగట పానీపూరి బండి పెట్టే యూపీ ఆయనకు చూపిస్తే, ఒక అక్షరం దిద్ది, "ఇది మంచిగుంది దీదీ, ఇది ఎవరన్న చదువుతరు" అన్నడు. "చేతులు లోపల పెట్టొద్దు, రోలర్లు గుంజుతయి" అని రాసిన. "ఈ డబ్బాల కరెంటు ఉంది" అని రాసిన. మా ఆయన గులుగుడు ఆపి, మూలలకు రంధ్రాలు చేసి తీగలు గూడ కట్టి ఇచ్చిండు.

తీసుకపోయి సూపర్‌వైజరుకిచ్చిన. ఒక్కొక్కటి తిప్పి చూసి, "మస్తుగున్నయి అక్కా" అన్నడు. నిజంగనే అన్నడు. "సేటును ఒక మాట అడిగి పెడ్తం." స్టోర్ రూంలో నూలు డబ్బాల పక్కన పెట్టిండు. మామ స్టూలు మాత్రం అక్కడనే ఉంది, బోర్డు కింద. ఆయన నాకు చెయ్యి ఊపిండు.

తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా, "సేటు ఊర్ల లేడు అక్కా," "వచ్చే వారం అక్కా." ఆ వారం రాకముందే ఒక పొద్దుమూకి యాళ్ల మామ నెంబరు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది మామ కాదు, ఆ బీహారోళ్లలో ఒకాయన. "దీదీ, తాతా కా హాథ్" అన్నడు. తాత చెయ్యి అని. గంతే చెప్పి ఫోను పెట్టేసిండు.

చెమట తుడుచుకుందామని మామ భుజం మీది తువ్వాల తీసిండట. కొస పట్టాకు తగిలింది. తువ్వాలతోపాటు మనిషి ముందుకు తూలిండు. ఇడిసిపెడితే అయిపోయేది. ఇడువలేదు. మంచి తువ్వాల అని రెండో చెయ్యి గూడ ఏసి గుంజిండు. ఆ బీహారాయన ఉరికి వచ్చి మెయిన్ బంద్ చేసే వరకు కుడి చేతి రెండు వేళ్లు పోయినయి. మిగతా వేళ్ల నరాలు తెగినయి.

సర్కారు దవాఖానలో మామను చూసినప్పుడు ఆయన మొహం తెల్లగ పాలిపోయి ఉంది. అంగీ మీద గంజి మరకలు. మా అమ్మ మంచం పట్టుకొని ఏడుస్తుంది. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. అందరి మీద రావాల్సిన కోపం ముందుగ ఆయన మీదనే వచ్చింది.

"చెప్పిన గద మామా నీకు. స్టూలు దూరం జరుపుమని చెప్పిన. బోర్డు తప్పని చెప్పిన. నువ్వెందుకు లెవ్వలే ఆడికెళ్లి?"

మామ మెల్లగ, "నేను లేస్తే మిషిని ఆపాలె గద బిడ్డా. బోర్డుల గదే రాసుంది," అన్నడు. "తప్పని నువ్వంటివి. తప్పైతే ఎవలన్న తీసేద్దురు గద, గన్ని దినాలు గోడకుంచుతరా?"

మంచం కాడికెళ్లి బయటికొచ్చిన.

వరండాలో సూపర్‌వైజరు నిలబడి ఉన్నడు. కండ్లు ఎర్రగైనయి, దవాఖాన పనులకు ఉరికింది ఆయనే, ఆ మాట చెప్పాలె. నేను పోంగనే, "అక్కా, సేటు ఒక మాట జెప్పుమన్నడు" అని తల కిందికి ఏసుకున్నడు. "డేంజర్ బోర్డు పెట్టే ఉంది కాబట్టి మిల్లుది తప్పు లేదు అంటున్నడు. ఇంగ్లీషుల, తెలుగుల రెండిట్ల ఉంది, ఫోటోలు గూడ ఉన్నయి అంటున్నడు."

"తెలుగుల ఏముందో నీకు తెల్వదా?"

"తెలుసక్కా."

"మరి చెప్పినవా?"

ఆయన గోడ దిక్కు మళ్లిండు. నేను అరిచిన. ఏం అరిచిన్నో నాకు సరిగ్గ యాదికి లేదు, నర్సమ్మ వచ్చి బయటికి పొమ్మన్నది.

మరునాడు పొద్దుగాలనే ఆ బస్తాల ఎనుక ఉన్న జాలీ పట్టా మీదికి వచ్చిందట. లేబర్ ఆఫీసు నుంచి సార్లు చూడనీకి వచ్చే వరకు కొత్తగ పచ్చ రంగు గూడ ఏసి పెట్టిన్రు. జాలీ పెడితే పని ఆగుతది అన్నరు గద, ఏం ఆగలేదు. పొద్దున ఒకపారి మిషిని బందుపెట్టి, దుమ్ము తీసి, మళ్ల బిగిస్తున్నరట, అంతే. గంతదానికి మా మామ చెయ్యి పోవాల్నా అని సూపర్‌వైజర్ను అడిగితే, "నన్ను ఇగ అడగకు అక్కా" అన్నడు.

బోర్డు గూడ మారింది. జగిత్యాల ఏజెంటు తనే కారేసుకొని వచ్చి, పాతది తీసి కొత్తది పెట్టిండు. ఫోటోల తిప్పలు ఈసారి ఏమైనయో మరి. మామ బట్టలు తెచ్చుకుందామని మిల్లుకు పోయినప్పుడు చూసిన. "రక్షణ కవచ రహిత యంత్ర సంచాలనము నిషిద్ధము." పైన ఇంగ్లీషు అదే ఇంగ్లీషు. తప్పు లేదు, ఒక్క అక్షరం తప్పు లేదు. కండెలు చుట్టనీకి వచ్చే ఒక పెద్దమ్మను పట్టుకొని చదువుమంటే, కవచం కాడికి వచ్చి ఆగి, "కర్ణుని కథా బిడ్డా?" అన్నది.

నా బోర్డులు ఏమైనయని అడిగిన. స్టోర్ రూంలో ఉన్నయన్నరు. పోయి చూస్తే సగమే ఉన్నయి. మిగతావి ఆ బీహారాయన ఎవలనీ అడగకుండ తీసుకపోయి, మెయిన్ స్విచ్చు పక్కన ఒకటి, రోలర్ల కాడ ఒకటి, పాత తీగతో కట్టుకున్నడు. సూపర్‌వైజర్ చూసీ చూడనట్టు ఉన్నడు. తలుపు కాడ నిలబడితే అవి కనబడవట, ఫోటోలోకి రావట. అందుకే ఉండనిచ్చిన్రు. సంతోషపడాల్నో ఏడవాల్నో తెల్వక, మిగిలినవాటిని గూడ ఆయన చేతికే ఇచ్చి వచ్చిన.

మామ మళ్ల మిల్లుకు పోలేదు. రమ్మన్నరు, గేటు కాడనే కూసోమన్నరు. నష్టపరిహారం ముచ్చట లేబర్ ఆఫీసులో నడుస్తనే ఉంది, పిలిచినప్పుడల్లా నేనే తోలుకపోతున్న. మొన్న అమ్మ మొక్కుందంటే అందరం కొండగట్టు గుడికి పోయినం. మెట్ల కాడ కొబ్బరికాయ మామ చేతికిచ్చింది అమ్మ, అలవాటు కొద్ది. మామ కుడిచేత్తో పట్టబోయిండు, జారింది. ఎడమచేత్తో కొట్టిండు, పగల్లేదు. మళ్ల కొట్టిండు. ఎనుక జనం ఆగిన్రు. ఎవలో ఒకాయన "నేను కొట్టియ్యాల్నా పెద్దయ్యా" అని చెయ్యి చాపిండు. మామ ఆయన చెయ్యి నూకేసిండు.

నా చిన్నప్పటి నుంచి మామ ఎవలినీ గట్టిగ ఒక మాట అనంగ నేను చూడలేదు. ఆనాడు అందరి ముందట, కాయను ఎడమచేత్తో రాయికేసి బలంగ కొట్టుకుంట, ఆ మిల్లును తిట్టిండు, సేటును తిట్టిండు, జగిత్యాలాయనను తిట్టిండు, బోర్డును నమ్మిన తనను తిట్టుకున్నడు. అమ్మ భయపడి, దేవుని కాడ గవేం మాటలురా అని నోరు మూయబోయింది. నేను అమ్మ చెయ్యి పట్టుకొని ఆపిన. తిట్టనీయే అన్న. కాయ పగిలి నీళ్లు ఆయన అంగీ మీద పడే దాక తిట్టుకుంటనే కొట్టిండు.